అనుకొనుట : శిశువునకు పరచిత్తజ్ఞానము కలుగు విధము

మయసభలో దుర్యోధనుడు పడిన పాట్లు తెలుగునాట నెరుగనివా రుండరు. స్ఫటికమయమైన నేలను నీరని తలచి అతడు వస్త్రము నెత్తి పట్టుకొనెను. నీటిని నేల యని తలచి అడుగిడి అందు పడెను. కథ వినుచున్నవారు నవ్వుదురు. మూడేండ్ల శిశువును నవ్వవచ్చును. కాని అది రాజంతవాడు నీట పడినందులకు నవ్విన నవ్వు. అయిదారేండ్ల బాలుడు నవ్వుటకు వేరొక కారణము కలదు. అచట నున్నది నీరు. దుర్యోధనుని మనస్సులో నున్నది నేల. ఈ రెంటికిని గల వ్యత్యాసమును ఆ బాలుడు కనిపెట్టెను. కథ యొక్కటియే; నడుమ రెండు మూడేండ్ల యెడము మాత్రమే. ఈ యెడములో శిశువు నేర్చిన దేమి? ఆ నేర్పునకు భాష యెంతవరకు కారణము? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ఎదుటివాని మనస్సులో తనకంటె భిన్నమైన తలంపు, అందును యథార్థమునకు విరుద్ధమైన తలంపు, ఉండగలదని ఎరుగుటను ఇచట పరచిత్తజ్ఞాన మనుచున్నాను. యోగశాస్త్రమున ఈ పదము ఒక సిద్ధిని తెలుపును. ఇచట అట్టి దివ్యశక్తి వివక్షితము కాదు. వంటయింటిలో, వీథిలో, బడిలో ప్రతిమానవుడును ప్రతిదినము చూపు సామాన్యశక్తియే వివక్షితము. ఇది మనస్తత్త్వశాస్త్రజ్ఞులకు సంబంధించిన విషయమే కాని తెలుగు శాఖలవారికి పట్టినది కాదని కొందరనవచ్చును. ఆ మాటతో నే నేకీభవింపజాలను. తెలుగున ఆలోచించుటకు నిత్యవ్యవహారములో నున్న క్రియ 'అనుకొను'. ఈ యొక్క క్రియ యొక్క నిర్మాణమును పరిశీలించినచో, శిశువు పరుల మనస్సులోనికి ఏ ద్వారమున ప్రవేశించునో కొంతవరకు తెలియునని నా విశ్వాసము.

1. వృద్ధవ్యవహారము

శిశువు భాషను నేర్చు విధమును గూర్చి మన శాస్త్రకారులు చేసిన విచారము ప్రాచీనమైనది. మీమాంసకులు దీనిని వృద్ధవ్యవహారమను పేర వివరించిరి. ఉత్తమవృద్ధుడు ఆవును తెమ్మని ఆజ్ఞాపించును. మధ్యమవృద్ధుడు పోయి ఆవును తెచ్చును. ప్రక్కన నున్న బాలు డిదంతయు చూచును. తాను ఏ పనికైనను పూనుకొనునపుడు, చేయవలయునను జ్ఞానము ముందు కలిగి పిదప ప్రవృత్తి కలుగుచున్నదని అతనికి స్వానుభవము. అట్లే ఈ మధ్యమవృద్ధునికిని ముందొక జ్ఞానము కలిగియుండవలెనని అతడు ఊహించును. ఆ జ్ఞానమునకు ముందు వినబడినది వాక్యమే కనుక, వాక్యమే దానికి కారణమని నిశ్చయించును. తరువాత 'ఆవును కట్టుము', 'గుఱ్ఱమును తెమ్ము' అను వాక్యములు వినబడినపుడు ఒక పదము పోవుటను, వేరొక పదము వచ్చుటను గమనించి, ఆవాపోద్వాపములచే పదములకు అర్థములను వేరు చేసికొనును. పదార్థ వాక్యార్థములను గూర్చి భాట్టులకును ప్రాభాకరులకును భేదమున్నను, వ్యుత్పత్తికి వృద్ధవ్యవహారము మూలమనుట ఉభయులకును సమ్మతము.

ఈ వివరణమున గమనింపదగినది యొకటి కలదు. మాటకు అర్థము తెలియుటకు ముందే, ఎదుటివానికి జ్ఞానమున్నదని బాలుడు అనుమింపవలసియున్నది. అనగా మనస్సు ముందు, భాష వెనుక. నేటి పరిశోధకులును ఈ మాటను చాలవరకు అంగీకరింతురు. ఏడాది నిండుచున్న శిశువు పెద్దల చూపు ననుసరించి తానును చూచును. కావలసినదానిని వ్రేలితో చూపును. ఎదుటివాడు దేనికొరకు చేయి చాచుచున్నాడో గ్రహించును. ఈ నేర్పు లేనిచో మాటలు నేర్చుటయే దుర్లభమని మైకేల్ టోమసెల్లో మొదలగువారు వాదించిరి.

అయితే మీమాంసకుల ఉదాహరణమున మధ్యమవృద్ధుడు ఎన్నడును పొరబడడు. ఆవును తెమ్మనిరి, ఆవు ఉన్నది, ఆవునే తెచ్చెను. అతని మనస్సునకును బయటి వస్తువునకును భేదము లేదు. అతడు చీకటిలో ఆవనుకొని గేదెను తెచ్చెననుకొందము. అపుడు బాలునికి రెండు త్రోవలు కలవు. గేదెయే ఆ మాటకు అర్థమని తలంచుట మొదటిది. తెచ్చినవాడు పొరబడెనని ఎరుగుట రెండవది. ఈ రెండవ త్రోవ పట్టుటకు చేష్టను చూచుట మాత్రము చాలదు. కోరిక చేష్టలో కనబడును. చూపు కంటిలో కనబడును. పొరపాటు ఎచటను కనబడదు. వస్తువుతో ఏకీభవించు మనస్సును శిశువు వ్యవహారమును చూచి తెలిసికొనగలడు. వస్తువుతో విభేదించు మనస్సును తెలిసికొనుటకు అతనికి మాట యొక్క సాయము కావలయును. ఈ వ్యాసమున నేను ప్రతిపాదించు ముఖ్యవిషయ మిదియే.

2. పొరబడిన మనస్సు

ఆధునికకాలమున ఈ చర్చ 1978లో డేవిడ్ ప్రీమాక్, గై వుడ్రఫ్ అనువారు చింపాంజీని గూర్చి వేసిన ప్రశ్నతో ప్రారంభమైనది. ఇతరులకు మనస్సున్నదని ఆ జంతువునకు తెలియునా యని వారడిగిరి. దానికి సమాధానముగా కొందరు తత్త్వవేత్తలు ఒక సూక్ష్మమైన మాట చెప్పిరి: ఎదుటివాని తలంపు నిజమైనంతకాలము, పరీక్షింపబడు ప్రాణి ఆ తలంపును ఎరిగి ప్రవర్తించుచున్నదో, లోకమును చూచి ప్రవర్తించుచున్నదో చెప్పజాలము, కనుక తప్పుతలంపుతోనే పరీక్షింపవలెను. ఈ సూచనను గ్రహించి హైన్జ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ అనువారు 1983లో పిల్లలకొక కథ చెప్పిరి. మాక్సీ యను బాలుడు చాక్లెట్టును ఒక అలమరలో నుంచి బయటకు పోయెను. అతడు లేనపుడు తల్లి దానిని వేరొక అలమరకు మార్చెను. మాక్సీ తిరిగివచ్చి చాక్లెట్టుకొరకు ఎచట వెదకును?

ఇట్టి కథలకు మూడేండ్ల పిల్లలలో పెక్కుమంది, వస్తువు ఇపుడున్నచోటనే వెదకునని చెప్పుదురు. తమకు తెలిసినది మాక్సీకిని తెలియునని వారి భావము. నాలుగైదేండ్ల నడుమ ఈ సమాధానము మారును. 2005లో టారా కాలహన్ మొదలగువారు కెనడా, ఇండియా, పెరూ, సమోవా, థాయిలాండు దేశములలోని పిల్లలను పరీక్షించి, అయిదేండ్లు వచ్చునప్పటికి అన్నిచోట్లను పెక్కుమంది సరియైన సమాధానము చెప్పుచున్నారని ప్రకటించిరి. కావున ఇది ఒక దేశమునకో, ఒక విద్యావిధానమునకో చెందిన ఫలము కాదు.

అయినను ఒకే ఊరిలో, ఒకే వయస్సున, ఒక బాలునికిని మరియొక బాలునికిని భేదము కనబడును. ఈ భేదమునకు భాషతో సంబంధమున్నదని అనేకపరీక్షలలో తేలినది. 2007లో కరెన్ మిలిగన్, జానెట్ ఆస్టింగ్‌టన్, లిసా డాక్ అనువారు 104 పరిశోధనలను కూర్చి పరిశీలించి, పిల్లల భాషాశక్తికిని ఈ పరీక్షలో వారి జయమునకును స్పష్టమైన సంబంధమున్నదని చూపిరి. ముందటి భాషాశక్తి తరువాతి పరచిత్తజ్ఞానమును సూచించినంతగా, ముందటి పరచిత్తజ్ఞానము తరువాతి భాషాశక్తిని సూచింపదనియు వారు గుర్తించిరి. ఇక భాషలోని ఏ యంశము ఇట్టి సాయము చేయుచున్నదో చూడవలసియున్నది.

3. అను, అని, అనుకొను

'నీరు నేల' అనునది అసత్యము. 'దుర్యోధనుడు నీటిని నేల యనుకొనెను' అనునది సత్యము. అసత్యమైన వాక్యమును గర్భమున ధరించియు మొత్తము వాక్యము సత్యముగా నిలుచుచున్నది. సంయుక్తవాక్యములలోగాని, విశేషణములతో కూడిన వాక్యములలోగాని ఇట్టి విచిత్రము లేదు. 'వాన వచ్చి నేల తడిసినది' అన్నచో వాన వచ్చుటయు నిజము కావలయును, నేల తడియుటయు నిజము కావలయును. చెప్పుట, తలంచుట అను అర్థములు గల క్రియలకు కర్మగా వచ్చు వాక్యమునకు మాత్రమే ఈ స్వాతంత్ర్యము కలదు. ఈ నిర్మాణమును వశము చేసికొన్న శిశువు తప్పుతలంపును మనస్సున నిలుపుకొనుటకు తగిన పాత్రను సంపాదించుకొనునని జిల్ డి విలియర్స్, పీటర్ డి విలియర్స్ అనువారు సిద్ధాంతీకరించిరి.

తెలుగున ఈ పాత్ర 'అని'. ఇది 'అను' ధాతువు యొక్క క్త్వార్థకరూపము. పలికి యని దాని మొదటి అర్థము. 'వస్తానని అన్నాడు' అనుచోట ఆ అర్థము ఇంకను కొంత నిలిచియున్నది. 'వస్తాడని నమ్మాను', 'వస్తాడని భయం', 'రావాలని ఉంది' అనుచోట్ల పలుకుట యనునది లేదు. నమ్మకము, భయము, కోరిక మాత్రమే కలవు. అయినను ఆ నమ్మకమును, భయమును, కోరికను వాక్యమున చేర్చుటకు తెలుగు పలుకుట యను క్రియనే వాడుకొనుచున్నది. పరుల హృదయములో నున్నదంతయు వారు లోలోపల పలికిన మాటయే యన్నట్లు మన వ్యాకరణము ఏర్పడినది.

'అనుకొను' ఈ విషయమును మరింత స్పష్టము చేయును. 'వండు' అనుటకు 'వండుకొను' ఎట్టిదో, 'అను' అనుటకు 'అనుకొను' అట్టిది. 'కొను' అను అనుప్రయోగము క్రియాఫలము కర్తకే చెందుటను తెలుపును. వండుకొనుట తనకొరకు వండుట. అనుకొనుట తనకు తాను పలుకుట. 'ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు' అన్నపుడు ఆ పలుకు ఒకరితో నొకరు పలుకు పలుకగును. 'మనసులో అనుకున్నాను' అన్నపుడు వినువాడును తానే. బయటి మాటకును లోపలి మాటకును నడుమ తెలుగు వేసిన గోడ మిక్కిలి పలుచనిది.

శిశువునకు ఇందువలన కలుగు లాభ మేమి? తలంపు వినబడదు, మాట వినబడును. అన్న 'డబ్బాలో బెల్లం ఉంది' అని చెప్పును. చెల్లెలు మూత తీసి చూడగా డబ్బా వట్టిది. అన్న పలికిన వాక్యము ఆమె చెవిలో ఇంకను మ్రోగుచున్నది. లోకము దానికి విరుద్ధముగా నున్నది. 'ఉందన్నావు, లేదు' అని ఆమె అనును. ఇచట వాక్యమొకటి, వస్తుస్థితి యొకటి యని రెంటిని వేరు చేసి పట్టుకొనుట జరిగినది. ఈ 'ఉందన్నావు' అనుదానికిని 'ఉందనుకున్నావు' అనుదానికిని రూపమున భేదము మిక్కిలి స్వల్పము. వినబడిన మాటపై నేర్చిన వ్యత్యాసమును వినబడని మాటకు మార్చుకొనుటకు తెలుగుబాలికకు భాషయే మెట్టు కట్టి పెట్టినది. ఇంగ్లీషున పలుకుటకు వాడు క్రియయు, తలంచుటకు వాడు క్రియయు రూపమున సంబంధము లేనివి.

భూతకాలమున 'అనుకొను' మరియొక పని చేయును. 'వాన పడుతుందనుకున్నాను' అని యొకడనినచో, వాన పడలేదని వినువారు తరచుగా గ్రహింతురు. 'మీరు ఊళ్ళో లేరనుకున్నాను' అను పలకరింపు, మీరు ఊరిలో నుండగా మాత్రమే పలుకబడును. కావున ఈ క్రియ పిల్లల చెవిని పడునపుడు పెక్కుసారులు సవరింపబడిన తలంపుతో కూడియే పడును. చీనాభాషలో పొరబడి తలంచుట యను అర్థము గల క్రియ ప్రత్యేకముగా కలదు. అట్టి క్రియతో ప్రశ్నించినపుడు పిల్లలు మెరుగైన సమాధానము లిచ్చిరని 1999లో కాంగ్ లీ, డేవిడ్ ఓల్సన్, నాన్సీ టొరన్స్ అనువారు తెలిపిరి. తెలుగు 'అనుకున్నాను' అంత నియతమైనది కాదు. కాని ఆ దిక్కుగా మొగ్గినది.

వైయాకరణులకు మిక్కిలి ఆసక్తి కలిగించు విషయ మింకొకటి కలదు. 'రవి తను గెలిచానని అనుకున్నాడు' అను వాక్యమును చూడుడు. లోపలి వాక్యమున కర్త 'తను'. క్రియ మాత్రము 'గెలిచాను' అని ఉత్తమపురుషలో నున్నది. మాటలాడుచున్నవాడు గెలువలేదు, ఆ '-ను' మాటలాడుచున్నవానిది కాదు, అది రవి తన మనస్సులో 'నేను' అనుకొన్న నేను. 'తను గెలిచాడని' అనియు అనవచ్చును గాని, ఉత్తమపురుషరూపము వ్యవహారమున సర్వసాధారణము. ఇట్టి వాక్యమును వినిన శిశువు, 'ను' అను ప్రత్యయము విని ఎవరి నేనో నిర్ణయింపవలెను. ఒకరి నోట మరియొకరి అహంతను వినుట యిది. పరచిత్తజ్ఞానమున కింతకంటె సన్నిహితమైన వ్యాకరణాభ్యాసము నూహించుట కష్టము.

'అని' వంటి నిర్మాణము తెలుగునకే పరిమితము కాదు. తమిళ, కన్నడ, మలయాళములందును పలుకుట యను అర్థము గల ధాతువునుండియే ఇట్టి పదము పుట్టినది. సంస్కృతమున 'ఇతి' ఈ పనినే చేయును. దాని వాడుకలో ద్రావిడభాషల ప్రభావమును 1967లో కైపర్ చర్చించెను. హైదరాబాదు దక్కనీ ఉర్దూలో 'బోల్‌కే' అను పదము మన 'అని' స్థానమున నిలుచుట ఈ నగరమున నివసించు ప్రతివారును వినినదే. పొరుగువాని భాషనుండి శబ్దమును గాక, మనస్సును చెప్పు పద్ధతినే ఒక భాష అరువు తెచ్చుకొన్నదన్నమాట.

ఇక 'అట'. 'వచ్చాడు' అన్నచో నే నెరుగుదును. 'వచ్చాడట' అన్నచో ఎవరో చెప్పగా వింటిని. కథలు చెప్పునపుడు ఈ '-ట' ధారాళముగా దొరలును. జ్ఞానమునకు మూలమొకటి కలదనియు, అది అందరికి నొకటి కాదనియు ఈ చిన్న ప్రత్యయము నేర్పుననిపించును. కాని తొందరపడరాదు. కొరియాభాషలోని ఇట్టి ప్రత్యయములను అనా పాపాఫ్రాగూ మొదలగువారు 2007లో పరీక్షించి, వానిని పలుకుచున్నంతమాత్రమున కొరియా పిల్లలు జ్ఞానమూలములను ఇతరులకంటె ముందుగా ఎరుగుట లేదనిరి. ప్రత్యయము నోట నుండుట వేరు, దాని తత్త్వము మనస్సున నుండుట వేరు.

4. మాట ఆలస్యమైనపుడు

భాష యిట్టి సాయము చేయునదే యైనచో, భాష ఆలస్యముగా లభించిన పిల్లలలో పరచిత్తజ్ఞానమును ఆలస్యము కావలయును. బధిరశిశువుల విషయమున ఇది సరిగా కనబడినది. వారిలో అధికసంఖ్యాకులు వినగల తల్లిదండ్రులకు జన్మించినవారు. ఇంటిలో సంజ్ఞాభాష తెలిసినవా రుండరు. మాట చెవికి సోకదు. ఆస్ట్రేలియాలో కాండిడా పీటర్సన్, మైకేల్ సీగల్ అనువారు 1995లో ఇట్టి పిల్లలను పరీక్షింపగా, నాలుగైదేండ్లు దాటి చాలకాలమైనవారును తప్పుతలంపు పరీక్షలో తడబడిరి. బధిరులైన తల్లిదండ్రులకే జన్మించి, పుట్టినది మొదలు సంజ్ఞాభాషలో పెరిగిన బధిరశిశువులలో ఈ ఆలస్యము లేదని తరువాతి పరీక్షలు తెలిపినవి. కావున లోపము చెవిలో లేదు. సంభాషణ లేమియే లోపము.

నికరాగువా దేశపు వృత్తాంతము ఇంకను విశేషమైనది. అచట 1970ల చివరను బధిరులకు పాఠశాలలు విస్తరించినపుడు, పిల్లలు తమలో తాము ఒక కొత్త సంజ్ఞాభాషను కల్పించుకొనిరి. మొదటి తరమువారి భాషలో తలంచుట, ఎరుగుట అను అర్థముల సంజ్ఞలు అరుదు. రెండవ తరమువారి భాషలో అవి సమృద్ధముగా నుండెను. జెనీ పయర్స్, ఆన్ సెంగాస్ అనువారు 2009లో ప్రకటించిన పరిశోధనమున, మొదటి తరమువారు యుక్తవయస్కులై యుండియు తప్పుతలంపు పరీక్షలో వెనుకబడిరి; చిన్నవారైన రెండవ తరమువారు నెగ్గిరి. దాదాపు రెండేండ్ల తరువాత మరల చూడగా, మొదటి తరమువారు చిన్నవారితో కలసిమెలసి ఆ సంజ్ఞలను నేర్చిరి, పరీక్షలోను మెరుగుపడిరి. జీవితానుభవ మెంత యున్నను మాటకు బదులుగా నిలువజాలదని ఈ వృత్తాంతము చాటుచున్నది.

మన ప్రాంతమున ఈ విషయము శాస్త్రచర్చతో ముగియునది కాదు. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయసంస్థ ప్రాంతీయకేంద్రము వంటి చోట్లకు పిల్లలను తీసికొని వచ్చు తల్లిదండ్రులకు, సంజ్ఞలు నేర్పినచో మాట రాదేమో యను భయ ముండవచ్చును. ఆ భయముతో గడచిపోవు సంవత్సరములే, పైని చెప్పిన పరీక్షలనుబట్టి, మిక్కిలి విలువైనవి. న్యూఢిల్లీలో 2015లో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణకేంద్రము ఏర్పడినది. శబ్దమైనను, సంజ్ఞయైనను, శిశువున కొక పూర్ణమైన భాష కాలమున అందవలెను.

5. ఆక్షేపములు

ఈ సిద్ధాంతమునకు ఎదురగు ఆక్షేపములను దాచుట ధర్మము కాదు. మొదటిది: 2005లో క్రిస్టీన్ ఒనిషి, రెనీ బైయార్జాన్ అనువారు పదునైదు నెలల శిశువులు, తప్పుతలంపు గలవాడు తలంపునకు విరుద్ధముగా ప్రవర్తించినపుడు ఎక్కువసేపు చూచిరని చెప్పిరి. మాట రాని శిశువున కిది తెలిసినచో భాషతో పని యేమి? కాని చూపులను లెక్కించు ఇట్టి పరీక్షలలో కొన్నింటి ఫలితములు తరువాతి పరిశోధకులకు నిలకడగా లభింపలేదు. లభించినను, ఎదురుచూపు వేరు, అడిగినపుడు కారణము చెప్పి సమాధాన మిచ్చుట వేరు. రెండవదానికే లోకవ్యవహారమున 'తెలిసినవాడు' అను పేరు.

రెండవ ఆక్షేపము మరింత బలమైనది. జర్మనుభాషలో కోరికను చెప్పు వాక్యమునకును, తలంపును చెప్పు వాక్యమునకును నిర్మాణ మొకటియే. అయినను జర్మను పిల్లలు కోరికవాక్యములను ముందుగా గ్రహించి, తప్పుతలంపును చాలకాలము తరువాతనే గ్రహించుచున్నారని పెర్నర్ మొదలగువారు 2003లో చూపిరి. తెలుగునందును ఇట్లే యగును. 'తినాలని ఉంది' అను వాక్యమున 'అని' యున్నది. మూడేండ్ల శిశువు దానిని పలుకగలడు. అంతమాత్రమున అతడు మాక్సీ కథకు సమాధానము చెప్పజాలడు. కావున 'అని' యను రూపము మాత్రమే తాళపుచెవి కాదు. రూపమును, ఆ రూపములో పెట్టబడిన పొరపాటును కలసి శిశువు నెదుటికి రావలెను.

అదే సంవత్సరము హైడెమారీ లోమన్, టోమసెల్లో అనువారు చేసిన పరీక్ష ఈ సమన్వయమునకు బలమిచ్చుచున్నది. చూచుట కొకటియు, నిజముగా వేరొకటియునైన వస్తువులను మూడేండ్ల పిల్లలకు చూపిరి. కొందరితో ఆ వస్తువులను గూర్చి సంభాషించిరి. కొందరికి వాక్యగర్భితవాక్యములను అభ్యాసము చేయించిరి. కొందరికి రెండును కలిపిరి. కొందరికి మాట లేక వస్తువులను మాత్రమే చూపిరి. మాట లేక చూచినవారు మెరుగుపడలేదు. సంభాషణము, వాక్యాభ్యాసము వేర్వేరుగను ఉపకరించినవి. రెండును కలసినపుడు లాభము అధికమైనది. వస్తువు మోసగించుట చాలదు, మోసపోతిమని పలుకువారుండవలెను.

6. తెలుగున ప్రశ్న నడుగు విధము

పరిశోధకవిద్యార్థుల కుపయోగించునని ఇచట కొన్ని సూచనలు చేయుచున్నాను. విదేశములలో పుట్టిన పరీక్షలను తెలుగునకు మార్చునపుడు ప్రశ్న యొక్క రూపమే ఫలితమును మార్చగలదు.

'ఎక్కడ వెతుకుతుంది?' అని అడిగినచో, వస్తువు దొరకుటకు ఎచట వెదకవలెనని అడిగినట్లు శిశువు తలంపవచ్చును. ఇంగ్లీషు పరీక్షలో ఈ ప్రశ్నకు 'మొదట' అను మాటను చేర్చినంతనే మూడేండ్లవారి సమాధానములు మెరుగుపడినవని సీగల్, కారెన్ బీటీ అనువారు 1991లో చూపిరి. 'ఎక్కడుందనుకుంటుంది?' అని అడిగినచో, మనము పరీక్షింపదలచిన క్రియయే ప్రశ్నలో చేరినది. శిశువు ఓడిపోయినచో ఓడినది అతని పరచిత్తజ్ఞానమో, 'అనుకొను' అను పదమును గూర్చిన జ్ఞానమో తెలియదు. పైగా వ్యవహారమున 'ఉందని అనుకుంటుంది' అనునది 'ఉందనుకుంటుంది' అని కుదియును. 'అని' వేరుగా వినబడదు. కావున రెండువిధముల ప్రశ్నలను వేర్వేరుగా అడిగి, ఫలితములను పోల్చుట మేలు.

మాండలికము మరియొక చిక్కు. మన విశ్వవిద్యాలయప్రాంగణమున్న బాచుపల్లినే చూడుడు. నగరమునకు వాయవ్యమున నున్న ఈ ప్రాంతమునకు ఉద్యోగములకొరకును, కట్టడపు పనులకొరకును పలు జిల్లాలనుండి, పలు రాష్ట్రములనుండి కుటుంబములు వచ్చి చేరుచున్నవి. ఒకే తరగతిలో ఒకరి ఇంట 'ఎక్కడ వెతుకుతుంది' అందురు. వేరొకరి ఇంట 'ఏడ దేవులాడుతది' అందురు. మూడవ ఇంట హిందీయో ఒడియాయో వినబడును. పుస్తకపు తెలుగులో నొకే ప్రశ్నను అందరి నడిగి, తప్పిన పిల్లలను మందబుద్ధులని వ్రాసికొన్నచో, ఆ తప్పు పరీక్షకునిదే. ప్రశ్నను ఏ ఇంటి బిడ్డకు ఆ ఇంటి మాటలో నడుగవలెను. కథలోని వస్తువులును ఇంటివే కావలెను. అలమర, చాక్లెట్టు లేకున్నను కొరత లేదు. బెల్లపుముక్క, రెండు డబ్బాలు చాలును.

7. బడియు, ఇల్లును

టెడ్ రఫ్మన్ మొదలగువారు 2002లో ప్రకటించిన పరిశోధనమున, తల్లులు బిడ్డలతో తలంపులను, కోరికలను గూర్చి ఎంత మాటలాడిరో, ఆ తరువాతికాలమున బిడ్డల పరచిత్తజ్ఞాన మంత పెరిగినదని తేలినది. దీనికి మన ఇండ్ల పరిస్థితి నన్వయించి చూడవలెను. ఐ.టి. ఉద్యోగుల నివాసములైన ఈ ప్రాంతములలో కొందరు తల్లిదండ్రులు, బడిలో ముందుండునను ఆశతో, శిశువుతో ఇంటను ఇంగ్లీషే మాటలాడుదురు. రెండు భాషలు నేర్చుటవలన శిశువునకు నష్టము లేదు. పీటర్ గెట్స్ 2003లో ప్రకటించిన పరీక్షలలో ద్విభాషాశిశువులు ఏకభాషాశిశువులకంటె మెరుగుగా సమాధానము చెప్పిరి. ఇంగ్లీషున సంభాషణ ధారాళముగా సాగు ఇంట చింతింపవలసినది లేదు. తల్లి నాలుకకు అలవాటు లేని భాషలో సంభాషణ సాగినపుడే చిక్కు. అట్టి సంభాషణ వస్తువుల పేర్లకును, రంగులకును, రమ్ము పొమ్మను ఆజ్ఞలకును కుదించుకొనిపోవును. 'నీకు కోపం వచ్చిందేమో అనుకున్నాను', 'తాతయ్య నువ్వు నిద్రపోయావనుకుని దీపం ఆర్పేశాడు' వంటి వాక్యములు ఆ భాషలో ఆ తల్లి నోట వెలువడవు. శిశువు పోగొట్టుకొనునది తెలుగు అను పేరు గల వస్తువును కాదు, ఈ వాక్యములను.

బడిలోను ఇట్లే. ఇద్దరు పిల్లలు పలకకొరకు కొట్టుకొన్నపుడు 'కొట్టుకోకండి' అని గదుముటతో పని ముగియును. 'అది తన పలకే అనుకుని తీసుకుంది. నువ్వు ఎత్తుకుపోతోందనుకున్నావు' అని ఒక్క వాక్యము చెప్పుటకు అరనిమిషము పట్టును. ఆ వాక్యములో రెండు మనస్సులు, రెండు తలంపులు, ఒక పలక కలవు. అంగనవాడిలోను, బాలవాడిలోను పనిచేయు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చువారు ఈ యొక్క అలవాటును నేర్పినను గొప్ప మేలు. కథలు చెప్పుటయు నిట్టిదే. ముగ్గురు ధూర్తులు చెప్పిన మాట విని మేకను కుక్క యనుకొన్న బ్రాహ్మణుని పంచతంత్రకథలో, వినుచున్న బిడ్డకు అది మేక యని తెలియును. బ్రాహ్మణుని తలంపు క్రమక్రమముగా మారుటయు తెలియును. నడుమ నాగి 'ఇప్పుడు ఆయన ఏమనుకుంటున్నాడు?' అని అడిగినచో, విమ్మర్ పెర్నరుల పరీక్ష మన అరుగుమీదనే జరిగినట్లగును.

మీమాంసకులు బాలుని ఇద్దరు వృద్ధుల నడుమ నిలిపిరి. ఆ బాలుడు మాటలకు అర్థములు నేర్చెను. తెచ్చినవాడు పొరబడినపుడు, మూడవవాడెవడైనను 'పాపం, ఆవనుకున్నాడు' అని పలికినచో, ఆ బాలుడు మనస్సునకును అర్థము నేర్చును. ఆ మూడవ మాట మన ఇండ్లలో ఏ వయస్సు బిడ్డలతో, ఎంత తరచుగా, ఏ రూపమున పలుకబడుచున్నదో సేకరించుట తెలుగు పరిశోధకుల పని. అందులకు మన ప్రాంగణము వెలుపలి వీథులే చాలును.